పళ్ళదొర అయిదో సినిమాలో నేను కలిపిన మాట

పళ్ళదొర నా చేతుల మీదుగా అయిదుసార్లు చచ్చాడు. ఒకసారి ఎండ తగిలి, రెండుసార్లు గుండెలో మేకు దిగి, ఒకసారి చర్చి గంట కింద నలిగి. అయిదోసారి ఎందుకు చచ్చాడో నాకే కాదు, ఆ సినిమా తీసినవాళ్ళకు కూడా తెలిసినట్టు లేదు.

ఇంగ్లండు వాళ్ళు పాత రోజుల్లో తీసిన రక్తపిశాచి సినిమాల వరస అది. మా కంపెనీ వాటిలో మొదటి అయిదింటినీ ఒకేసారి తెచ్చి టీవీలో వేసింది. బొమ్మ కింద బర్మా అక్షరాలు రాయడం నా పని. యాంగోన్‌లో ఇరవై ఏళ్ళ పైన ఆ పనే చేసి, రెండేళ్ళ కిందట ఇంట్లో కూర్చున్నాను. ఆ దొరకు సినిమాలో పెద్ద పేరే ఉంది గానీ మా ఆఫీసులో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. బర్మా భాషలో ‘త్వా’ అంటే పన్ను. ‘త్వా’ అంటే వెళ్ళు అని కూడా. వాడు తెర మీదకు రాగానే ఎడిటింగ్ గదిలో అందరూ ‘త్వా, త్వా’ అని అరిచేవాళ్ళు. పన్ను అనైనా అనుకోవచ్చు, పొమ్మనైనా అనుకోవచ్చు. నేను ఇంటికొచ్చి పళ్ళదొర అంటే మా అత్తకు ఆ పేరు తెగ నచ్చేసింది.

ఇప్పుడు ఈ పని చేస్తున్న పిల్లలు మాటలన్నీ ఫోనుకు అప్పజెప్పి, అది ఇచ్చింది అతికించి, టీ తాగడానికి పోతున్నారట. పోండి, నాకేం అసూయ లేదు. ఉంది, కొంచెం ఉంది. కానీ ఆ ఫోను చేయలేని తప్పు ఒకటి నేను చేశాను. అది చెప్పకుండా పోతే నాకు నిద్ర పట్టదు.

మా పని పద్ధతి రెండు ముక్కల్లో చెబుతాను, లేకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. సినిమాలో మాటలన్నీ బర్మాలోకి మార్చి కాగితాల మీద రాసేదాన్ని. అవి సర్కారు తనిఖీ ఆఫీసుకు వెళ్ళేవి. వాళ్ళు చదివి పేజీ పేజీకీ ముద్ర వేసి పంపాక, ఆ ముద్ర ఉన్న మాటలనే కంప్యూటర్ ముందు కూర్చుని బొమ్మకు ఎక్కించాలి. ముద్ర పడ్డాక చుక్క కూడా మారకూడదు. మారలేదని మా పై ఆవిడ సినిమా మొత్తం చూసి సంతకం పెట్టాలి. తెర మీద ఏది కనబడినా బాధ్యత ఆ సంతకానిదే.

ఆ పై ఆవిడను అందరం సయామా అనేవాళ్ళం. ఇక్కడ పంతులమ్మనైనా, ఆఫీసులో పెద్దావిడనైనా అలాగే పిలుస్తారు. చేరిన రోజు నుంచీ నా రాత దిద్దింది ఆవిడే. నా బర్మాలో తెలుగు వాసన వస్తే ముక్కు మూసుకునేవారు, నిజంగానే, రెండు వేళ్ళతో. రిటైరవడానికి ఆవిడకు అప్పటికి ఇంకా ఆరు నెలలే ఉంది. ఒక్క మచ్చ లేని సర్వీసు. వెళ్ళే రోజున చిన్నవాళ్ళంతా వరసగా మోకాళ్ళ మీద కూర్చుని తనకు దణ్ణం పెట్టాలని ఆవిడకు పెద్ద ఆశ. ముందు వరసలో ఎవరు కూర్చోవాలో కూడా నాతో చెప్పి పెట్టారు. మొదటి చోటు నాదే.

ఇక ఆ అయిదో సినిమా. మొదటిది చూసినప్పుడు మా ఎడిటింగ్ గదిలో ఆడా మగా కలిసి తలుపు దాకా పరిగెత్తారు. అయిదోదానికి ఆవలింతలు. కోట పాతదే, మెట్లు పాతవే, గబ్బిలానికి కట్టిన తీగ మాత్రం కొత్తదనుకుంటాను, తళతళ మెరిసిపోతోంది. రక్తం చూస్తే గులాబీ షర్బత్. పళ్ళదొర గంటన్నర సినిమాలో నాలుగుసార్లు కనబడి తొమ్మిది వాక్యాలు మాట్లాడాడు. నేనే రాశాను కాబట్టి లెక్క తప్పదు. మిగతా అంతా ఒక పూటకూళ్ళ ఇల్లు, దాని యజమాని, అతని కూతురు. దొర ఆ పిల్ల మెడ కొరుకుతాడు. పిల్ల బతుకుతుంది, దొర పోతాడు. చివర్లో ఆ పిల్ల మెడకు గుడ్డ చుట్టుకుని, ప్రేమించినవాడి వెంట వెళ్ళిపోతూ గుమ్మంలో తండ్రితో, వెళ్తున్నాను నాన్నా అంటుంది. ముద్రపడ్డ కాగితంలో నేను రాసింది అదే, ‘త్వాదోమే’ అని. ఇక వెళ్తాను అని అర్థం. అక్షరం తప్పు లేదు.

ఆ సీను ఎక్కించాల్సిన బుధవారం పొద్దున మా ఇంట్లో వేరే గొడవ. మా ఆయన మెడ మీద నెల రోజులుగా గడ్డ. అందులోంచి ముక్క తీసి పరీక్షకు పంపుతామని ఆసుపత్రికి రమ్మన్నారు. ఎలాంటి గడ్డో ఎవరూ చెప్పలేదు. నేనూ వెళ్ళాల్సింది, శనివారం మధ్యాహ్నమే సినిమా వేస్తామంటే సెలవివ్వలేదు. మా ఆయన మెడకు తువ్వాలు చుట్టుకుని చెప్పులు వేసుకున్నాడు.

“ఎల్తన్నానే,” అన్నాడు.

నా ఒంట్లో రక్తం అంతా కాళ్ళలోకి దిగిపోయింది. శ్రీకాకుళం వైపు నుంచి ఓడరేవు పనికి వచ్చిన మా పెద్దలు ఏం పట్టుకొచ్చారో, ఏం పోగొట్టుకున్నారో గానీ, ఈ ఒక్కటి మాత్రం వదల్లేదు. గడప దాటే మనిషి వెళ్తానని ఒట్టిగా అనకూడదు. ఎల్లొస్తాను అనాలి. ఇంట్లో ఉన్నవాళ్ళు ఎల్లి రా అనాలి. రెండూ పూర్తయితేనే కాలు బయట పెట్టడం.

“ఏటా మాట? ఎల్లొస్తానని సెప్పండి!” అని అరిచాను.

“ఆసుపత్రికే కదేటి, ఎల్లి సూపించుకొని ఒచ్చీడమే. అరవకు,” అన్నాడు.

లోపలి నుంచి మా అత్త, “ఒరే, మల్లీ లోపలికొచ్చి సెప్పి ఎల్లు!” అంది. అప్పటికే నాలుగంతస్తులు దిగిపోయాడు. లమ్మడా పేటలో మా బాల్కనీ నుంచి చూస్తే జనంలో తువ్వాలు కనబడింది, బస్సు చాటుకు పోయింది. నేను పైనుంచే ఎల్లి రండి అని అరిచాను, ఆయనకు వినబడిందో లేదో తెలీదు.

ఆ గుండె దడతోనే మింగళాడోన్‌లో మా ఆఫీసుకు చేరాను. బస్సులో గంట, బస్సు దిగాక కూడా అదే దడ. ఒక్కో మాటా ఎక్కిస్తూ సాయంత్రానికి చివరి సీనుకు వచ్చాను. పిల్ల మెడకు గుడ్డ. గుమ్మం. తండ్రి. ‘త్వాదోమే.’ నా చెయ్యి ఆగిపోయింది. మెడకు గుడ్డ చుట్టుకున్న మనిషి గుమ్మంలో నిలబడి ఆ మాట అనడం నేను భరించలేకపోయాను. తెలిసి మార్చానా అంటే, ఒట్టు, తెలిసి మార్చలేదు. వేళ్ళే మార్చేశాయి. వెళ్తాను పక్కన ‘ప్యన్ లామే’ చేరింది. తిరిగి వస్తాను అని. చదువుకుంటే మనసుకు హాయిగా ఉంది, ఫైలు మూసేశాను.

గురువారం సయామా ముద్ర కాగితాలు ముందు పెట్టుకుని చూడటానికి కూర్చున్నారు. ఇంకో పది నిమిషాలుందనగా కరెంటు పోయింది. ఎప్పుడొస్తుందో తెలీదు. మామూలుగా అయితే వచ్చేదాకా కూర్చునే మనిషి ఆవిడ. కానీ ఆ సినిమా కోసం చీకట్లో కూర్చోవాలంటే ఎవరికైనా ఓపిక కావాలి.

“ఈ చివర నువ్వు చూశావా?” అని అడిగారు.

“చూశాను సయామా. సరిగానే ఉంది,” అన్నాను. చూశాను కూడా. సరిగానే ఉందనిపించింది కూడా.

ఆవిడ సంతకం పెట్టేశారు.

శనివారం మధ్యాహ్నం మా మేడలో కరెంటు ఉన్న ఇల్లు మాదే కాబట్టి పక్క వాటా బర్మా ఆవిడా, కాలేజీ చదివే వాళ్ళ అమ్మాయీ మా ఇంట్లోనే చూశారు. మా అత్తకు బర్మా మాట వస్తుంది, చదువు రాదు. ఆ అమ్మాయి పక్కన కూర్చుని కింద అక్షరాలు చదివి వినిపిస్తోంది. చివరి సీను వచ్చింది. “వెళ్తాను, తిరిగి వస్తాను నాన్నా,” అని చదివి, ఆ అమ్మాయి కెవ్వుమంది.

“ఆంటీ! ఆ పిల్ల కూడా పిశాచి అయిపోయింది! అందుకే మెడకు గుడ్డ కప్పుకుంది! రాత్రికి వచ్చి తండ్రిని కొరుకుతుంది!”

వాళ్ళమ్మ నా చెయ్యి పట్టేసుకుంది. మా ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు, సినిమా మొదలయ్యాక మొదటిసారి. మా అత్త మాత్రం తృప్తిగా తల ఊపింది.

“అదీ, బుద్దిమంతురాలంటే అది. ఎల్తానని అననేదు సూడు. ఎల్లొస్తానంది. ఆ దొరల పిల్లకున్న పాటి గ్యానం నా కొడుక్కి నేదు,” అంది.

నాకు అప్పుడు తెలిసింది నేను ఏం చేశానో. సినిమా పాడయిందని కాదు, నిజం చెప్పాలంటే బాగుపడింది. ముద్రలేని మాట ఒకటి తెర మీద ఊరంతా చదివేసింది. అందులోనూ అది ఎలాంటి మాట! ఈ కొన్నేళ్ళుగా మా ఊళ్ళో కొన్ని మాటలకు నిఘంటువులో లేని అర్థాలు వచ్చాయి. తిరిగి వస్తాను అంటే ఎవరు, ఎక్కడికి, ఎప్పుడు అని అడిగే సర్కారువాళ్ళున్నారు. దాని కింద సంతకం నాది కాదు, సయామాది. ఆ సాయంత్రమే ఆఫీసు నుంచి ఫోను, సోమవారం ముద్ర కాగితాలతో సిద్ధంగా ఉండమని.

ఆదివారం పొద్దున్నే చిమిండైంగ్ బయల్దేరాను. బజారు వెనక సందులో సయామాది చెక్క ఇల్లు. ఆవిడ గుమ్మంలో కూర్చుని గోంగూర తుంచుతున్నారు. నేను మాట్లాడే ముందే ఆవిడ అన్నారు, “చూశాను. మొదటిసారి చివరిదాకా చూశాను.”

నేను ఏడుస్తూ అంతా చెప్పాను. మా ఆయన మెడ, తువ్వాలు, గడప, మా వాళ్ళ మాట. మేం మాట్లాడుకుంది బర్మాలోనే. ఆ ఒక్క మాట మాత్రం తెలుగులో చెప్పమన్నారు.

“ఎల్లొస్తాను.”

“యెలోస్తా,” అన్నారు ఆవిడ. ఇంకోసారి చెప్పించుకుని ఇంకోసారి తప్పుగానే అన్నారు. “వెళ్ళడం, రావడం, రెండూ ఒక్క మాటలోనే?”

“ఒక్క మాటే సయామా.”

“మరి రానివాళ్ళు ఏమంటారు?”

“వాళ్ళూ అదే అంటారు.”

ఆవిడ కాసేపు గోంగూర కాడలు ఏరారు. “ఎదుటివాళ్ళు ఏమనాలి?”

“ఎల్లి రా అనాలి. మీలాంటి పెద్దవాళ్ళనైతే ఎల్లి రండి అనాలి.”

“అనకపోతే?”

“అనకుండా ఉండరు,” అన్నాను.

ఆవిడ ముక్కు మూసుకుంటారేమో అనుకున్నాను. మూసుకోలేదు. “రేపు నువ్వు నోరెత్తకు,” అన్నారు. “మార్చింది నేనంటాను. నన్నైతే ఇంటికి పంపుతారు, అంతేగా. నువ్వు మా భాషలో ఇలా అంటామని మొదలుపెట్టావనుకో, వాళ్ళు మాటను వదిలేసి మనిషిని పట్టుకుంటారు. మీ తాత ఎక్కడి నుంచి వచ్చాడు, పౌరసత్వం కార్డు చూపించు, మీ ఆయన కార్డు చూపించు అంటారు. ఆసుపత్రి కాగితాల కోసం తిరుగుతున్నవాళ్ళు ఆ కాగితాల కోసం కూడా తిరగగలరా?”

వద్దు సయామా అన్నాను. ఎన్నిసార్లు? ఒక్కసారే. రెండోసారి అంటే ఆవిడ ఒప్పేసుకుంటారేమో అని భయం వేసింది. ఇది రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. ఆ గుమ్మంలో నాకు కలిగిన బాధ కంటే, గుండెల మీది బరువు దిగిన హాయే ఎక్కువ. తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికితే గాలి బాగుందనుకున్నాను కూడా.

సోమవారం తనిఖీ ఆఫీసు నుంచి వచ్చిన అధికారి కుర్రవాడు, సన్నగా, మర్యాదగా ఉన్నాడు. అరిస్తే ధైర్యం వచ్చేదేమో, అతని మర్యాదకే నాకు చెమట పట్టింది. మాకే టీ పోయించాడు. ఒక చేత్తో ముద్ర కాగితం, ఇంకో చేత్తో తెర ఫోటో బల్ల మీద పెట్టాడు.

“ఈ అమ్మాయి ఎక్కడికి తిరిగి వస్తుంది సయామా?” అని అడిగాడు.

“తర్వాతి భాగంలోకి,” అన్నారు ఆవిడ, తడుముకోకుండా. “బాబూ, మీరు ఆ సినిమా చూశారా? అంత నీరసం సినిమా నా సర్వీసులో లేదు. చివర కాస్త ఆశ పెడితే తర్వాతి భాగానికి జనం కూర్చుంటారని నేనే మార్చాను. ముసలితనం, మళ్ళీ ముద్రకు పంపాలన్నది మరిచిపోయాను.”

అతను దాదాపు నవ్వాడు. సినిమా చూసే ఉంటాడు. తర్వాత నా వైపు తిరిగాడు. “ఎక్కించింది మీరే కదా. ఈ మార్పు సంగతి మీకు తెలుసా?”

సయామా నా వైపు చూడలేదు. టీ కప్పు వైపే చూస్తున్నారు. తెలుసు అంటే అయిపోయేది. ఒక్క మాట.

“తెలీదు. ముద్ర కాగితంలో ఉన్నట్టే ఎక్కించాను, తర్వాత సయామా దిద్ది ఉంటారు,” అన్నాను.

అతను రాసుకున్నాడు. నేను సంతకం పెట్టాను. ఆ మధ్యాహ్నమే సయామాను ఆఫీసు కార్డు ఇచ్చేసి వెళ్ళమన్నారు. ఆరు నెలలు మిగిలుండగానే. వరసలు లేవు, మోకాళ్ళ మీద కూర్చున్నవాళ్ళు లేరు. అందరూ ఎవరి కంప్యూటర్‌లోకి వాళ్ళు తొంగిచూస్తూ కూర్చున్నారు.

నేను నడవాలోకి వెళ్ళాను. ఆ అధికారి కారు కోసం అక్కడే, నాకు నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. సయామా ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో అన్నం కారియర్ పట్టుకుని వచ్చారు. నా ముందు ఆగారు. మెల్లగా, స్పష్టంగా అన్నారు.

“యెలోస్తా.”

అధికారి తల తిప్పి చూశాడు. అది ఏ భాషో అతనికి తెలీదు. నేను జవాబిస్తే తెలిసిపోతుంది, ఆ మాట ఎవరి ఇంటి మాటో, ఆ తప్పు ఎవరి వేళ్ళదో. నేను వంగి చెప్పు పట్టీ సరిచేసుకున్నాను. ఆ పట్టీకి ఏ లోపమూ లేదు. ఆవిడ ఒక చేతిలోని గొడుగు ఇంకో చేతికి మార్చుకునేంత సేపు అక్కడే నిలబడ్డారు. నేను తల ఎత్తేసరికి మెట్లు దిగుతున్నారు.

మర్నాడు ఆసుపత్రి నుంచి కాగితం వచ్చింది. మా ఆయనది ఉత్త కొవ్వు గడ్డ, భయపడాల్సింది లేదన్నారు. మా అత్త కొబ్బరికాయ కొట్టింది. నేను వంటింట్లో కూర్చుని ఏడిస్తే సంతోషం అనుకున్నారు. ఉత్తినే ఎల్తన్నానన్నవాడు ఇంటికొచ్చేశాడు, ఇప్పటికీ నా పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నాడు.

ఆ సినిమా సంగతి అడిగారా? జనానికి తెగ నచ్చింది. ఆ పిల్ల ఎప్పుడు తిరిగొస్తుందని ఫోన్ల మీద ఫోన్లు. కంపెనీ హడావుడిగా ఆరో భాగం తెచ్చింది. అందులో ఆ పిల్ల లేదు, ఆ ఊరు లేదు, పళ్ళదొరకు ఈసారి ఆరు వాక్యాలే. మోసం చేశారని జనం తిట్టారు. ఆ ఆరో దానికి అక్షరాలు రాసింది నేనే, సంతకం పెట్టిందీ నేనే. సయామా కుర్చీ నాకే ఇచ్చారు. వద్దనలేదు.

చిమిండైంగ్‌కు వెళ్ళడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఇంటికి తాళం. బజారులో కూరలమ్మే ఆవిడ చెప్పింది, ఎగువన చెల్లెలి ఊరికి వెళ్ళిపోయారని. ఏ ఊరో ఆమెకు తెలీదు. ఫోను కలవలేదు. తర్వాత ఏడాదికి ఒకసారో రెండుసార్లో వెళ్తూనే ఉన్నాను. ఇప్పుడు ఆ ఇంట్లో వేరేవాళ్ళున్నారు, నన్ను చూస్తే వాళ్ళే కుర్చీ వేస్తారు.

నేను రిటైరైన రోజున మా ఆఫీసు పిల్లలు వరసగా మోకాళ్ళ మీద కూర్చుని దణ్ణం పెట్టారు. ముందు వరసలో మొదటి చోటు ఖాళీగా ఉంచమన్నాను. ఎందుకో వాళ్ళకు చెప్పలేదు, ఇప్పుడు చెప్పాను. తెలుగు రాని మనిషి ఒక్క మాట నేర్చుకుని, దాన్ని నా ముందు నిలబడి అని, జవాబు కోసం ఆగింది. ఆ జవాబు నా నోట్లోనే ఉండిపోయింది. దీన్ని ఎవరైనా ఆవిడకు బర్మాలో చదివి వినిపిస్తే, మిగతాదంతా ఎలా మార్చినా ఫరవాలేదు, ఈ చివరి మాటలు మాత్రం మార్చకండి, తెలుగులోనే చదవండి.

ఎల్లి రండి సయామా.